'నాన్నా! పులి': బొమ్మ ఎవరి సాక్షి?

పెద్దలు నమ్మని బిడ్డ కథ అనగానే తెలుగు పాఠకుడికి స్ఫురించేది 'నాన్నా! పులి'. ఇది ఈసపు కథే; పెర్రీ సూచికలో 210వది. తెలుగులోకి వచ్చేసరికి తోడేలు పులి అయింది, ఊరివాళ్లు తండ్రి అయ్యారు. మొదటి మార్పును స్థానికత అని సరిపెట్టుకోవచ్చు. ఒంగోలుకు పడమరగా గిద్దలూరు, మార్కాపురం ప్రాంతాలను ఆనుకొని ఉన్న నల్లమలలో పులి నేటికీ ఉపమానం కాదు, జంతువే. రెండో మార్పు అంత తేలికగా తీసివేయదగినది కాదు. ఈసపు కథలో కాపరికీ ఊరికీ మధ్య ఉన్నది ఒక విధమైన ఒప్పందం. అది చెడితే పోయేది మంద. తెలుగు కథలో కేకే సంబోధనతో మొదలవుతుంది. పులి కన్నా ముందు నాన్న వస్తాడు. చాలా కథనాల్లో బలయ్యేది కూడా పిల్లవాడే. అయినా నీతి అతని అబద్ధం దగ్గరే ఆగుతుంది. మూడోసారి కదలని తండ్రిని కథ ఒక్క మాటా అడగదు.

డేవిడ్ మెక్కీ ఆంగ్ల బొమ్మల పుస్తకం 'నాట్ నౌ, బెర్నార్డ్' (1980)ను దీని పక్కన ఉంచి చూడాలి. బెర్నార్డ్ అబద్ధమాడలేదు. తోటలో భూతం ఉందనీ, తనను తినబోతోందనీ చెప్పాడు. పెద్దలకు తీరిక లేదు. భూతం వాణ్ణి తినేసి ఇంట్లోకి వస్తుంది, తండ్రి కాలు కొరుకుతుంది, బెర్నార్డ్ భోజనం తింటుంది, చివరకు అతని పక్క మీదికి చేరుతుంది. తల్లిదండ్రులు దాన్ని బెర్నార్డ్ అనే పిలుస్తుంటారు. వారి మాట పొరబడుతున్న ప్రతిచోటా బొమ్మ నిజం చెబుతుంది. చదవడం రాని పిల్లవాడికే అసలు సంగతి ముందుగా తెలుస్తుంది.

'నాన్నా! పులి'కి బొమ్మలు వేసే చిత్రకారుడికి ఈ వెసులుబాటు తక్కువ. కథ ప్రకారం మొదటి రెండు కేకలకూ పొద ఖాళీగా ఉండాలి. మూడో బొమ్మలో పులిని మనం చూస్తాం గాని, అప్పటికే తండ్రి పక్షాన తీర్పు చెప్పేసి ఉంటాం. మన సంప్రదాయంలో దీనికి ఎదురు కథ లేకపోలేదు: పోతన సప్తమ స్కంధంలో తండ్రి నమ్మని కొడుకు పక్షాన స్తంభమే సాక్ష్యమిస్తుంది. (పశువులు కాసే పిల్లవాడికి అటువంటి సాక్షి దొరకడం కష్టం.)

2024 వరకు అమల్లో ఉన్న 1872 నాటి భారత సాక్ష్య చట్టం 118వ సెక్షన్ సైతం వయసు చిన్నదన్న ఒక్క కారణంతో సాక్షిని తోసిపుచ్చలేదు. ప్రశ్న అర్థం చేసుకొని సమాధానం చెప్పగలిగితే ముందు వినాలి. నమ్మాలా వద్దా అన్నది ఆ తరువాతి సంగతి. తరగతిలో మనం చెప్పే కథ ఈ క్రమాన్ని తిరగేస్తుంది. దీనికి కొత్తగా బొమ్మలు వేయదలచినవారు మొదటి కేక దగ్గరే, పిల్లవాడు కూడా చూడని మూలన, గడ్డిలో రెండు చారలు గీస్తే చాలు. కథలో ఒక్క మాటా మార్చనక్కర లేదు.