అంకెల నిక్షేపము

ఎక్సెల్‌లో మాక్రోలు వ్రాయు అలవాటు గలవారికి ఈ దుఃఖము క్రొత్తది కాదు: గంటసేపు నడచిన ప్రోగ్రాము లక్షల అంకెలను మెమరీలో ఒక అర్రేగా కూర్చిన పిమ్మట, నడుమ నొక దోషము తటస్థించి 'ఎండ్' మీట నొక్కినంతనే, వర్క్‌బుక్కు కన్నులయెదుట తెరచియే యున్నను, ఆ కూర్పంతయు ఆనవాలు లేకుండ పోవును. అట్టి అర్రేను డిస్కుపై దాచి, కోరినప్పుడు చెక్కుచెదరకుండ మరల తెచ్చుకొను విద్య యొకటి, 1993లో ఎక్సెల్‌లోనికి వీబీఏ ప్రవేశించిన నాటినుండి, లెక్కల గదులలో ఒకరి చేతినుండి మరొకరి చేతికి అందుచున్నది. ఇందు ప్రధానములగు పుట్, గెట్ అను మాటలు మాత్రము అంతకంటె ప్రాచీనములు. మైక్రోసాఫ్ట్ వారి పాత బేసిక్ భాషనుండి సంక్రమించినవి.

దాచుటకు షీటు లేదా యని అడుగవచ్చును. కలదు, 2007 నుండి ఒక్కొక్క షీటున 10,48,576 అడ్డువరుసలు, 16,384 నిలువువరుసలు నున్నవి. కాని మూడు కొలతల అర్రే షీటుపై ఉన్నదున్నట్లు పరచుకొనదు. పెద్ద పట్టికలతో వర్క్‌బుక్కు బరువెక్కి తెరచుటకే ఆలస్యమగును. టెక్స్టు ఫైలులో దాతమందురా, వీబీఏ డబుల్ సంఖ్యను అక్షరములుగా మార్చునపుడు 15 అంకెలకు మించి నిలుపదు. చివరనున్న సూక్ష్మాంశము రాలిపోవును. కావున అంకెలను మెమరీలో నున్న రూపముననే బైట్లుగా వ్రాయు బైనరీ పద్ధతియే నా దృష్టిలో ఉత్తమము.

50,000 అడ్డువరుసలు, 12 నిలువువరుసలు గల పట్టిక నొకదానిని తీసికొందము. సెల్లు వెంట సెల్లు చదువుట చెంబుతో చెరువు తోడుటయే. రేంజి యొక్క వేల్యూ2ను ఒక వేరియంట్‌లోనికి గ్రహించినచో పట్టిక యంతయు ఒక్కపెట్టున వచ్చును. వేరియంట్‌ను అట్లే వ్రాసినచో ప్రతి విలువకును ముందు దాని రకమును దెలుపు రెండు బైట్ల గుర్తు చేరును గనుక, దానిని డబుల్ అర్రేలోనికి మార్చుకొనుట మేలు. ఇక వ్రాత. బైనరీగా తెరచిన ఫైలులో పుట్ అర్రే యొక్క సారమునే గాని ఆకారమును వ్రాయదు. అందుచే మొదట 50,000ను, 12ను రెండు లాంగ్ సంఖ్యలుగా వ్రాసి, పిదప అర్రేను ఒకే వాక్యముతో వ్రాయవలెను. లాంగ్‌కు 4 బైట్లు, డబుల్‌కు 8. ఆరు లక్షల డబుల్‌లకు 48,00,000. ముందున్న రెండు సంఖ్యలకు 8. వెరసి ఫైలు సరిగా 48,00,008 బైట్లుండవలెను. అంతకంటె హెచ్చుగా నున్నచో, వెనుకటి పెద్ద ఫైలును కిల్‌తో తొలగింపకయే దానిపై వ్రాసితిమని యెరుగవలెను. బైనరీగా తెరచుట పాతదానిని తుడువదు.

తెచ్చుకొనునపుడు ఆ రెండు సంఖ్యలను ముందుగా చదివి, వాని ననుసరించి రీడిమ్‌తో అర్రేకు చోటు కల్పించి, అటుపిమ్మట గెట్ అనవలెను. కొలతలను తారుమారు చేసి 12 అడ్డువరుసలు, 50,000 నిలువువరుసలని చెప్పినను గెట్ మారుపలుకక చదివివేయును. ఆరు లక్షల అంకెలును వచ్చును, మొత్తము సహితము సరిపోవును. కాని వీబీఏ మెమరీలో ఒక నిలువువరుస ముగిసిన పిమ్మటనే మరొకదానిని పేర్చును గనుక, మొదటి నిలువువరుసలోని పదమూడవ అంకె రెండవదాని తలకెక్కి కూర్చుండును. దోషసూచన యేదియు రాదు. ఇంతటి మౌనమైన తప్పు లెక్కలలో మరియొకటి నే నెరుగను.

తెలుగువారికి వేరొక జాగ్రత్త కలదు. ఒకమారు నేను తెలుగు పేర్ల జాబితాను ఇట్లే పుట్‌తో దాచి మరల తెరచి చూతునుగదా, అక్షరములున్న చోటులనెల్ల ప్రశ్నార్థకములు బారులు తీరియుండెను. వీబీఏ లోపల నున్నది యూనికోడే. ఫైలులోనికి వ్రాయునపుడు మాత్రము స్ట్రింగులను ఆన్సీలోనికి మార్చును, ఆ కోడ్ పేజీలలో తెలుగునకు చోటు లేదు. విరుగుడు సులభము: స్ట్రింగును బైట్ అర్రేకు అప్పగించినచో యూనికోడ్ బైట్లే యథాతథముగ వచ్చును. 'రాము' అను పేరునకు ర, దీర్ఘము, మ, కొమ్ము అను నాలుగు సంకేతములు. ఒక్కొక్కదానికి రెండేసి బైట్లు. ముందు ఆ బైట్ల లెక్కను, పిదప ఆ బైట్లను వ్రాసి, తెచ్చుకొనునపుడు వానిని మరల స్ట్రింగునకు అప్పగించిన చాలును.

ఫైలు చెడిపోవునను భయముచే తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరములలోనికి మార్చి దాచుచున్న మాక్రోకారులు ఇకనైన ఆ పని మానవలెనని నా విన్నపము. ఎనిమిది బైట్లలో రాము తన లిపిలోనే భద్రముగ నుండును.