చేప పేరులో ఎవరున్నారు?

ట్రేసీ షెవలియర్ నవల 'రిమార్కబుల్ క్రీచర్స్' (2009) మొదటిసారి చదివినప్పుడు నచ్చింది. ఈ మధ్య 'అమోనైట్' (2020) సినిమా చూశాక మళ్ళీ తీశాను. ఈసారి కూడా నచ్చింది గానీ, వేరే చోట.

రెండిటికీ మూలం ఒకే మనిషి, మేరీ ఆనింగ్. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో లైమ్ రీజిస్ అనే ఊళ్ళో 1799లో పుట్టిన వడ్రంగి కూతురు. చలికాలం తుఫానులకి అక్కడి సముద్రపు కొండచరియలు విరిగిపడతాయి. ఆ బురదలో బయటపడే శిలాజాలని మళ్ళీ అలలు లాక్కుపోకముందే ఏరి అమ్ముకుంటేనే ఇల్లు గడిచేది. 1811లో అన్న జోసెఫ్‌కి ఒక పెద్ద పుర్రె దొరికింది. మరుసటి ఏడాది మిగతా ఒళ్ళంతా మేరీ కనిపెట్టింది. అదే ఇక్తియోసార్, చేపలా ఈదిన సరీసృపం. 1823 చివర్లో పొడుగు మెడ ప్లీసియోసార్‌ దొరికింది. ఆ మెడ చూసి, ఎవరో ఎముకలు అతికించారేమో అని పారిస్‌లో కువియే అంతటివాడే అనుమానించాడు. 1824లో లండన్ జియలాజికల్ సొసైటీలో ఆ జంతువు గురించి ప్రసంగించిన కానిబేర్, దాన్ని తవ్వి తీసిన మనిషి పేరు ఎత్తలేదు.

షెవలియర్ ఈ కథని ఇద్దరి గొంతుల్లో చెప్పించింది. ఒక అధ్యాయం మేరీది, ఇంకోటి ఆమెకంటే వయసులో చాలా పెద్దదైన ఎలిజబెత్ ఫిల్‌పాట్‌ది. ఎలిజబెత్ లండన్ నుంచి వచ్చి స్థిరపడ్డ, పెళ్ళికాని, ఉన్నంతలో కలిగిన ఇంటి మనిషి. ఆమె ఇంగ్లీషు ఇస్త్రీ మడత నలగనిది. మేరీది ఊరి భాష, శిలాజాల్ని 'క్యూరీలు' అనే భాష. నేను అనువాదాలు చేస్తుంటాను కాబట్టి చదువుతున్నంతసేపూ ఒకటే ఆలోచన: దీన్ని తెలుగు చేస్తే మేరీకి ఏ యాస ఇవ్వాలి? ఇద్దరికీ ఒకే పుస్తకాల తెలుగు ఇస్తే సగం నవల పోయినట్టే. వాళ్ళ స్నేహంలోని ఎక్కువతక్కువలు కథలో కంటే ఆ భాషలోనే ఎక్కువ తెలుస్తాయి.

ఇక చిరాకు పుట్టించేది కల్నల్ బిర్చ్ వ్యవహారం. బిర్చ్ నిజంగా ఉన్నాడు. 1820లో తన శిలాజాలన్నీ వేలం వేసి, వచ్చిన సుమారు 400 పౌండ్లూ ఆనింగ్ కుటుంబానికి ఇచ్చేశాడు. అది చాలు కదా, గొప్ప సంగతే. నవలలో మాత్రం మేరీ అతన్ని ప్రేమించాలి, ఎలిజబెత్ అసూయపడాలి. సినిమా ఇంకో అడుగు వేసి మేరీకి షార్లట్ మర్చిసన్‌తో ప్రేమ పెట్టింది. నిజంలో షార్లట్ మేరీ కంటే పదకొండేళ్ళు పెద్ద, సినిమాలో చిన్నపిల్ల. కల్పన తప్పని నేననను. కానీ ఒక ఆడమనిషి పొద్దస్తమానం రాయి ముందు కూచుని, సూదిమొనతో ఎముక చుట్టూ మట్టి గీకుతుంటే, ఆ పని మీద ఇష్టం ఒక్కటే కథకి చాలదా? నవల గట్టిగా నిలబడ్డది ఆ పనిని చూపించిన పేజీల్లోనే.

ఎలిజబెత్‌కి రాక్షసాకారాలు అక్కర్లేదు, చేపలు కావాలి. పొలుసులు, రెక్కలు రాతిలో చెక్కుచెదరకుండా ఉన్న చిన్న చిన్న చేపలు. మొదటిసారి చదివినప్పుడు దీన్ని ఆమె గుణగణాల్లో ఒకటిగా తీసుకుని వదిలేశాను. తర్వాత చరిత్ర చదివితే అసలు సంగతి అక్కడే ఉంది. 1834లో స్విట్జర్లాండ్ నుంచి లూయీ అగసీ లైమ్ రీజిస్ వచ్చాడు, శిలాజ చేపల మీద పుస్తకం రాస్తూ. మేరీ, ఎలిజబెత్ ఇద్దరూ అతనికి చేపలు చూపించారు. అతను తన పుస్తకంలో ఇద్దరికీ కృతజ్ఞతలు చెప్పి, చేపలకి వాళ్ళ పేర్లు పెట్టాడు. పెద్ద సరీసృపాల మీద పేరుకోసం మగవాళ్ళు కొట్టుకుంటుంటే, ఈ ఆడవాళ్ళ పేర్లు చేపల మీద నిలిచాయి. మేరీ 1847లో చనిపోయింది. సొసైటీ ఆడవాళ్ళని ఫెలోలుగా చేర్చుకున్నది 1919లో.

లైమ్ రీజిస్‌లో దొరికే డపీడియం అనే గుండ్రటి చేపకి మన గోదావరి లోయలో ఒక చుట్టం ఉంది. ప్రాణహిత ఒడ్డున, సిరోంచ దగ్గరి కోట గ్రామం పేరుతో పిలిచే జురాసిక్ సున్నపురాళ్ళలో దొరికింది. అక్కడివి సముద్రం చేపలు, ఇక్కడివి మంచినీటివి అంటారు. మన చేప పేరు పారాడపీడియం ఎగర్టనీ. ఎగర్టన్ ఇంగ్లండ్‌లో చేపల శిలాజాలు పోగేసిన దొర. ప్రాణహిత ఒడ్డున రాయి పగలగొట్టిన చేతులు ఆ పేరులో లేవు.

నేను అనువాదం చేసిన ఒక పుస్తకం అట్టమీద నా పేరు లేదు. లోపల, ముద్రణ వివరాల కింద చిన్న అక్షరాల్లో ఉంది. అడిగితే, 'ఉందిగా?' అన్నారు. నవల చివరికొస్తుంటే, స్నేహం చెడిన తర్వాత కూడా, మేరీ తరఫున మాట్లాడటానికి ఎలిజబెత్ ఓడెక్కి లండన్ వెళ్తుంది. సొసైటీ లోపలికి ఆడవాళ్ళని రానివ్వరు. తలుపు బయటే ఉండి వింటుంది. బిర్చ్ కోసం ఖర్చుపెట్టిన పేజీలన్నీ ఆ తలుపు దగ్గర నేను క్షమించేశాను.