పెదవి ఎత్తి చూస్తే

ఉదయం ఆరు కాకముందే విజయవాడలోని ఒక ఇంటి వరండాలో చాప పరుచుకుంటుంది. ఈ కాలమ్ రాసే మనిషి ఆ చాప మీద కూర్చుని చిట్టిని ఒళ్ళోకి లాక్కుంటుంది. చిట్టి ఎనిమిదేళ్ళ తెల్ల స్పిట్జ్. ఆమె ముందు దాని పైపెదవిని బొటనవేలితో ఎత్తి చిగుళ్ళు చూస్తుంది. వేలితో నొక్కితే చిగురు తెల్లబడాలి, వదిలాక రెండు సెకన్లలోపు మళ్ళీ గులాబీ రంగుకి రావాలి. తర్వాత చెవులు మడిచి వాసన చూస్తుంది. మెడ కింద, చంకల్లో, కాలివేళ్ళ సందుల్లో వేళ్ళు పోనిచ్చి తడుముతుంది. చివరగా పక్కటెముకల మీద అరచేయి ఆనించి అటూ ఇటూ రాస్తుంది. అంతా కలిపి నాలుగు నిమిషాల పని. అది అయ్యేవరకూ ఫోను మోగినా తీయదు.

కుక్కని మన ఇళ్ళలో నోరులేని జీవం అంటారు. జాలితో అనే మాటే, తప్పు పట్టడానికి లేదు. కానీ ఆ మాట పెద్దవాళ్ళ నోటి నుంచి విన్నప్పుడల్లా ఆమెకి స్నోయీ గుర్తొస్తుంది.

స్నోయీ ఆ ఇంటికి వచ్చిన మొదటి కుక్క. ఒక మే నెలలో రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఎండలకి నీరసం అనుకున్నారు. మజ్జిగ పోశారు, ఫ్యాను కింద పడుకోబెట్టారు. మూడో రోజు ముక్కులోంచి రక్తం వచ్చాక ఆసుపత్రికి పరుగెత్తారు. టిక్ ఫీవర్, ప్లేట్‌లెట్లు అడుగంటాయి అన్నారు. ఆ రాత్రి దాటలేదు. ముందు రోజైనా పెదవి ఎత్తి చూసి ఉంటే పాలిపోయిన చిగుళ్ళు, వాటి మీద ఎర్రటి చుక్కలు కనబడేవేమో. ఎవరికీ ఎత్తి చూడాలని తోచలేదు.

ఆ జబ్బుని మోసుకొచ్చేది గోమారి. కొన్ని ఊళ్ళలో పిడుదు అంటారు. గోధుమ రంగు గోమారి కుట్టినప్పుడు ఎర్లీషియా అనే సూక్ష్మజీవి కుక్క రక్తంలోకి చేరుతుంది. ఒకటి నుంచి మూడు వారాల్లో జ్వరం, తిండి మానేయడం మొదలవుతాయి. త్వరగా పట్టుకుంటే డాక్సీసైక్లిన్ అనే మామూలు మందు నాలుగు వారాలు వాడితే చాలా కుక్కలు కోలుకుంటాయి. గోమారిని పీకి పారేస్తే పని అయిపోయిందనుకోవడం పొరపాటు. రక్తం తాగి ఉబ్బిన ఆడ గోమారి కుక్క మీంచి దిగి, గోడ పగుళ్ళలోకో తలుపు చట్రం సందుల్లోకో పోయి వేలల్లో గుడ్లు పెడుతుంది. కాబట్టి ఆ ఇంట్లో చిట్టికి డాక్టరు చెప్పిన గడువుకి గోమార్ల మాత్ర పడుతుంది, వరండా గోడల పగుళ్ళకి ఏటా సిమెంటు పూత పడుతుంది. పీకాల్సి వస్తే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, నలపకుండా నిటారుగా లాగుతారు. కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం లాంటివి ఆ ఇంట్లో ఎవరూ చేయరు.

చిట్టిని చూసి వీధిలో అందరూ పామెరేనియన్ అనే అంటారు. నిజానికి మన ఊళ్ళలో దశాబ్దాలుగా ఆ పేరుతో పెరిగినవాటిలో ఎక్కువ భాగం ఇండియన్ స్పిట్జ్‌లే. 1994లో వచ్చిన ‘హమ్ ఆప్‌కే హై కౌన్’లో, అదే మనకి ‘ప్రేమాలయం’గా వచ్చిన సినిమాలో, ఇంటిల్లిపాదికీ ముద్దయిన టఫీ ఈ జాతిదే. ఈ జాతి మన వేడికి బాగానే అలవాటు పడింది. అయినా ఎండాకాలం రాగానే బొచ్చు నున్నగా గొరిగించేవాళ్ళున్నారు. దాని బొచ్చు రెండు పొరలు. లోపలి మెత్తటి పొరని దువ్వెనతో తీసేస్తే గాలి ఆడుతుంది, పైపొర ఎండని ఆపుతుంది. గొరిగితే చర్మానికి నేరుగా ఎండ తగులుతుంది, కొన్నిసార్లు బొచ్చు మునుపటిలా తిరిగి రాదు కూడా. కుక్కకి చెమట పట్టేది దాదాపు పాదాల్లోనే, ఒళ్ళు ఎక్కువగా చల్లబడేది రొప్పడం వల్లే. అందుకే 2003లో హచ్ మొబైల్ కంపెనీ ప్రకటన చూసి జనం ఎగబడి కొనుక్కున్న పగ్‌లకి మన వేసవి మరీ కష్టం. అంత పొట్టి ముక్కుతో అవి సరిగా రొప్పలేవు.

ఇక తిండి. అసలు పోరాటమంతా ఇక్కడే జరిగింది.

రెండేళ్ళ క్రితం ఏటా వేయించే టీకాకి తీసుకెళ్ళినప్పుడు చిట్టి 8.4 కిలోలు తూగింది. దాని ఎముక కట్టుకి ఆరున్నర ఉండాలన్నారు డాక్టరు. ఎక్కువున్నది రెండు కిలోలే కదా అనిపిస్తుంది. 65 కిలోలు ఉండాల్సిన మనిషి 84 కిలోలు ఉన్నట్టు అది. ఇంటికి వచ్చి లెక్క చూస్తే, పొద్దున కాఫీతో రెండు గ్లూకోజ్ బిస్కట్లు, పదకొండింటికి ఒకటి, సాయంత్రం టీకి మూడు. అన్నీ అత్తగారి చేతి మీదుగానే.

“అలా కళ్ళల్లోకి చూస్తూ కూర్చుంటే నాకు ముద్ద దిగదమ్మాయ్. ఒక్క బిస్కట్టుకేమవుతుంది?” అన్నారావిడ.

ఒక్క బిస్కట్టులో సుమారు 25 కేలరీలు. ఆరున్నర కిలోల ఇంటి కుక్కకి రోజంతటికీ కావలసింది దాదాపు 400. మనిషికి రోజుకి 2,000 అనుకుంటే, చిట్టికి ఒకటి పెట్టడం మనం అయిదు తినడంతో సమానం. ఆరు బిస్కట్లంటే ముప్పై! ఈ లెక్క కాగితం మీద రాసి చూపించినప్పుడు అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. చిన్న కుక్క ఇంట్లో ఉన్నవాళ్ళు ముందు నేర్చుకోవాల్సింది ఈ కొలతే అని ఆమె గట్టి నమ్మకం. మన చేతికి చిటికెడు అనిపించింది దానికి చారెడు.

ఎక్కువ తిండి ఆయుష్షునే కోసేస్తుందనడానికి గట్టి రుజువు 2002లో వచ్చింది. 48 లాబ్రడార్‌లని కూనలుగా ఉన్నప్పటి నుంచీ జతలుగా పెంచి, ప్రతి జతలో ఒకదానికి పావు వంతు తక్కువ పెడుతూ వచ్చారు. తక్కువ తిన్నవాటిలో సగం 13 ఏళ్ళు బతికాయి, రెండో గుంపులో ఆ సంఖ్య 11.2 ఏళ్ళు. కీళ్ళ నొప్పులు కూడా తక్కువ తిన్నవాటికే ఆలస్యంగా వచ్చాయి. అవి పెద్ద కుక్కలే. కానీ చిట్టి లాంటివాటికి మోకాలి చిప్ప పక్కకి జారే బాధ మామూలు, ఒంటి బరువు పెరిగితే ఆ కాలి మీదే పడుతుంది.

పెరుగన్నం మానేయాలా అని చాలామంది అడుగుతారు. మానక్కర్లేదు. తోడేళ్ళకి లేని విధంగా కుక్కల్లో పిండిపదార్థాన్ని అరిగించే జన్యువుకి చాలా ప్రతులున్నాయని 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో రాశారు. మనిషి పంట పండించడం మొదలుపెట్టాక మన ముద్ద తింటూ కుక్క మారిందన్నమాట. అన్నం అరుగుతుంది, కాకపోతే అన్నం ఒక్కటే అయితే మాంసకృత్తులు, కాల్షియం చాలవు. చిట్టికి పొద్దున కొలగిన్నెతో కొలిచిన డాగ్ ఫుడ్, రాత్రికి ఎముక తీసి ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం, గుప్పెడు అన్నం, గుమ్మడికాయ ముక్కలు. ఏది ఎంతో డాక్టరు రాసిచ్చిన చీటీ ఫ్రిజ్ తలుపు మీద ఉంది. బిస్కట్ల స్థానంలో కీరా ముక్కలు, క్యారెట్ ముక్కలు వచ్చాయి. బరువు చూడటం కూడా సులువే. చిట్టిని ఎత్తుకుని ఒకసారి, దించి ఒకసారి కాటా ఎక్కి తీసివేత చేయడమే. వారానికి ఒక శాతానికి కాస్త అటూ ఇటూగా తగ్గుతూ ఏడు నెలలకి 6.6 దగ్గర నిలిచింది. పక్కటెముకలు ఇప్పుడు చేతికి తగులుతాయి, కంటికి కనబడవు. అలాగే ఉండాలి.

పండగ రోజుల్లో మాత్రం ఆమె వంటింటి గుమ్మానికి అడ్డంగా పీట వేస్తుంది. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలని చిదిమేస్తాయి, అవి లేని కూర మన ఇళ్ళలో అరుదు. పరమాన్నంలో కిస్మిస్ ఇంకా ప్రమాదం. ద్రాక్ష, కిస్మిస్ తిన్న కుక్కలకి మూత్రపిండాలు ఎందుకు పాడవుతాయో చాలాకాలం అంతుపట్టలేదు. టార్టారిక్ ఆమ్లమే కారణం కావచ్చని అమెరికా పశువైద్యులు ఈమధ్యే చెప్పారు. 2022లో వచ్చిన ఒక పత్రం చింతపండు తిన్న కుక్కలకి కూడా అదే ముప్పు వచ్చిందని చూపింది. చింతపండు అంటే మనకి పులిహోర, చారు, పులుసు. చారన్నం కలిపి కుక్కకి పెట్టే అలవాటున్న ఇళ్ళు ఈ సంగతి గమనించాలి. జ్వరం వచ్చిందని మనుషుల పారాసిటమాల్ మాత్ర మింగించడం కూడా ప్రాణాల మీదికి తెస్తుంది.

నోటి సంగతి ఇంకొంచెం ఉంది. కుక్కకి 42 పళ్ళు. చిన్న జాతుల దవడలో అవన్నీ ఇరుక్కుని ఉంటాయి, సందుల్లో పాచి గారగా మారి చిగుళ్ళని తినేస్తుంది. మూడేళ్ళు దాటిన కుక్కల్లో ఎక్కువవాటికి చిగుళ్ళ జబ్బు ఎంతో కొంత ఉంటుంది. కుక్క నోరన్నాక కంపు కొట్టదా అని సరిపెట్టుకుంటాం, ఆ కంపు జబ్బుదే. చిట్టికి పళ్ళు తోమడం అలవాటు చేయడానికి నెలన్నర పట్టింది. మొదటి వారం ఉత్త వేలు, తర్వాత వేలికి చుట్టిన తడి గుడ్డ, ఆ తర్వాత పిల్లల మెత్తటి బ్రష్షు, కుక్కల కోసం చేసిన పేస్టు. మనుషుల పేస్టు వద్దు, కొన్నిటిలో జైలిటాల్ ఉంటుంది, అది కుక్క రక్తంలో చక్కెరని ఒక్కసారిగా పడేస్తుంది.

అదే నోటితో కుక్క గుర్రుమంటుంది కూడా. అల్సేషియన్ గుర్రుమంటే అందరూ వెనక్కి తగ్గుతారు, అరచేతిలో పట్టే కుక్క గుర్రుమంటే నవ్వి వీడియో తీస్తారు. చిట్టి ముందు పెదవులు నాక్కుంటుంది, ఆవలిస్తుంది, మొహం పక్కకి తిప్పుకుంటుంది. చాలు, నన్ను దించండి అని ఇన్నిసార్లు చెప్పాక గుర్రుమంటుంది. దానికి దెబ్బ పడితే తర్వాతిసారి చెప్పకుండానే కరుస్తుంది. నేనే నాయకుణ్ణి అని కుక్కకి చూపించాలనే పాత సలహా 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బంధించిన తోడేళ్ళని చూసి రాసినదాని నుంచి పాకింది. ఆ మాటని 1970 నాటి పుస్తకంతో జనంలోకి తెచ్చిన డేవిడ్ మీచ్, అడవిలో తోడేళ్ళ గుంపంటే తల్లీ తండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబమేనని 1999లో తానే సరిదిద్దాడు. చిట్టికి కాలింగ్ బెల్ పిచ్చి ఉండేది. అరవకు అని కేకలు వేస్తే తనతో కలిసి అరుస్తున్నారనుకునేది. బెల్ మోగగానే చాప మీదికి పిలిచి, నాలుగు కాళ్ళూ చాప ఎక్కిన క్షణంలోనే క్యారెట్ ముక్క ఇస్తూ వచ్చారు. మూడు వారాలకి బెల్ మోగితే చాప దగ్గరికి పరుగెత్తడం మొదలైంది.

వీధిలో నడకకి మెడపట్టీ తీసేసి ఛాతీకి తొడిగే హార్నెస్ వేశారు. చిన్న జాతుల్లో గొంతు గొట్టం మెత్తబడి మూసుకుపోవడం ఉంది, పట్టీ గుంజితే బాతు అరిచినట్టు దగ్గుతాయి.

పోయిన ఏడు డాక్టరు స్టెతస్కోపు పెట్టి కాస్త ఎక్కువసేపే విన్నారు. గుండె కవాటం దగ్గర చిన్న శబ్దం వస్తోందన్నారు. వయసు పైబడిన చిన్న కుక్కల్లో ఇది మామూలే. గుండె పెరగడం మొదలైనవాటికి పైమోబెండన్ అనే మందు ముందుగా ఇస్తే గుండె విఫలమయ్యే రోజు సగటున 15 నెలలు వెనక్కి జరుగుతుందని 2016 నాటి పెద్ద అధ్యయనం ఉంది. చిట్టికి ఇంకా ఆ దశ రాలేదు. ప్రస్తుతానికి ఇంట్లో చేయాల్సింది ఒక్కటే. గాఢంగా నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టాలి. 30 దాటుతూ ఉంటే వెంటనే ఫోను చేయాలి.

రాత్రి నిద్ర పట్టనిది అత్తగారికే. పదకొండు దాటాక కళ్ళజోడు పెట్టుకుని, గోడ గడియారం కింద కుర్చీ వేసుకుని, చిట్టి డొక్క ఎగిసి పడటం చూస్తూ పెదవులు కదుపుతూ లెక్కపెడతారు. పాలవాడి లెక్క రాసే పుస్తకంలోనే వెనక పేజీల్లో తేదీ, పక్కన అంకె. నిన్నటి గీతలో 21 అని ఉంది, దాని కింద చిన్నగా, “రెండుసార్లు చూశాను” అని.