రోడ్డు మీద కనబడితే పలకరించాలా?

కౌన్సెలింగ్‌కి మొదటిసారి వెళ్ళినవాళ్ళ చేతిలో ఒక నియమాల కాగితం పెడతారు. బ్యాంకు లోన్ ఫారం మీద పెట్టినట్టు, వేలు చూపించిన చోటల్లా సంతకం పెట్టి ఇచ్చేసేవాళ్ళే ఎక్కువ. ఫీజెంత, సెషన్ ఎంతసేపు, రాకపోతే ఏమిటి, చెప్పిన మాటలు ఎక్కడిదాకా వెళ్తాయి, ఇవే అందులో ఉండేవి. రెండు పేజీలు దాటదు. ఈ వృత్తిలో అన్నిటికన్నా నేర్పు కావలసిన రాతపని ఇదేనని నాకనిపిస్తుంది. ఆ నేర్పు ఉన్న కాగితం దొరికితే ఒక్కో వాక్యం దగ్గరా ఆగి చూడాలి.

అందులోనూ హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ లాంటి చోట వాడే కాగితం. కోచింగ్ సెంటర్లు, వాటిని అంటుకుని హాస్టళ్ళు, మెస్సులు, జిరాక్స్ షాపులు. గ్రూప్స్‌కో, డీఎస్సీకో, ఎస్సై పోస్టుకో చదవడానికి నల్గొండ నుంచీ మహబూబ్‌నగర్ నుంచీ వచ్చి నలుగురేసి ఒక గదిలో ఉండే పిల్లలు. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కి మెట్రో వచ్చాక అందరూ ఎక్కేదీ దిగేదీ అవే మెట్లు. ఇక్కడ పని చేసే కౌన్సెలర్ పొద్దున గదిలో చూసిన మనిషికి సాయంత్రం సాయిబాబా గుడి దగ్గరో, చైతన్యపురి స్టేషన్‌లోనో ఎదురుపడక తప్పదు. ఆ మనిషి పక్కన రూమ్మేటు ఉండొచ్చు, ఊరి నుంచి వచ్చిన అమ్మ ఉండొచ్చు.

అందుకే మంచి కాగితంలో ఈ అర్థం వచ్చే మాటలుంటాయి: బయట కనబడితే నా అంతట నేను పలకరించను. మీరు పలకరిస్తే పలుకుతాను. మీరు చూడనట్టు వెళ్ళిపోయినా నేనేమీ అనుకోను.

మొదటి మాట ఒక్కటే రాసి వదిలేస్తే మన దగ్గర ప్రమాదం. తెలిసిన మనిషి ఎదురైనా మాట్లాడకపోతే దాన్ని పొగరంటాం. మనసు విప్పి ఏడ్చి వచ్చిన మర్నాడే కౌన్సెలర్ ముఖం తిప్పుకుంటే ఆ పిల్ల ఇంకో మెట్టు కిందికి జారుతుంది. రెండో మాట పగ్గాలు క్లయింటు చేతికిస్తుంది. అసలు పనితనం మాత్రం మూడోదానిలో ఉంది. పెద్దవాళ్ళను చూసీ చూడనట్టు పోవడం మన పిల్లలకు తప్పు చేసినట్టుంటుంది. ఆ తప్పును ముందే మాఫీ చేసేస్తుందా మాట. ఈ పద్ధతి ప్రపంచమంతా ఉన్నదే. కానీ "ఎవరమ్మా ఆవిడ? నీకెట్ల తెలుసు?" అని అమ్మ నిలదీసే చోట దాని బరువు వేరు.

ఇక రహస్యం సంగతి. "మీరు చెప్పింది ఎవరికీ చెప్పను" అని రాయడం సులువు. కానీ అది అబద్ధం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యతను హక్కుగా ఇస్తూనే మినహాయింపులు పెట్టింది. ఇతరులకు హాని జరగబోతున్నా, ప్రాణం మీదికి వచ్చినా, అధికారమున్న న్యాయస్థానం అడిగినా నోరు విప్పవచ్చు. ఆ మినహాయింపుల మధ్యలో చిన్న నియమం ఒకటి ఉంది. ఇంకొకరిని హాని నుంచి కాపాడటానికి చెప్పాల్సి వస్తే, ఆ హాని ఆపడానికి ఎంత అవసరమో అంతే చెప్పాలి. ఆ చట్టంలో నాకు బాగా నచ్చిన రాత అది. మంచి కాగితం ఈ కొలతను మిగతా సందర్భాలకూ వాడుతుంది. కుర్రాడు చావు మాట ఎత్తితే ఇంటికి ఫోన్ వెళ్తుంది. కానీ నాన్నకు చెప్పేది "వాణ్ణి ఒంటరిగా వదలకండి, వెంటనే రండి" అన్నంతవరకే. ప్రిలిమ్స్ పోయిన సంగతీ, ప్రేమ సంగతీ గదిలోనే ఉంటాయి.

పద్దెనిమిది నిండని వాళ్ళ విషయంలో కాగితం ఇంకా కచ్చితంగా ఉండాలి. ఇంటర్ హాస్టళ్ళ పిల్లలూ వస్తారు కదా. మైనరుపై లైంగిక నేరం జరిగినట్టు తెలిస్తే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే శిక్ష కూడా ఉంది. కౌన్సెలర్ ఇష్టాయిష్టాలకు అక్కడ తావు లేదు. ఆ సంగతి పిల్ల నోరు తెరిచాక చెబితే మోసం చేసినట్టవుతుంది, తెరవకముందే చెబితే నిజాయితీ.

ఫీజు కట్టే నాన్న ఇంకో చిక్కు. "డబ్బులు నేనే కదండీ కట్టేది, ఏం చెప్పాడు మావాడు?" అని తప్పకుండా అడుగుతాడు. మైనరుకు గార్డియనే చట్టప్రకారం ప్రతినిధి కాబట్టి పదిహేడేళ్ళ వాడి తండ్రికి కొంత తెలియాలి. పందొమ్మిదేళ్ళ వాడి తండ్రికి కట్టిన ఫీజు రసీదు చాలు. ఈ రెండేళ్ళ తేడాను ముగ్గురినీ కూర్చోబెట్టి మొదటి రోజే తేల్చే కాగితం తర్వాతి గొడవలన్నీ ఆపుతుంది.

రానిరోజు ఫీజు నియమం పాతది. కేటాయించిన గంట రోగిదే, వాడుకోకపోయినా డబ్బు కట్టాల్సిందేనని ఫ్రాయిడ్ 1913లోనే రాశాడు. సంగీతం, భాషలు నేర్పే మాస్టార్ల విషయంలో దీన్ని ఎవరూ తప్పుపట్టరు కదా అన్నాడు కూడా. ఏడాది కోచింగ్ ఫీజు ముందే కట్టి సగంలో మానేసే దిల్‌సుఖ్‌నగర్‌లో ఈ వాదన వేరే చెప్పక్కర్లేదు. ఇప్పుడు వాడుకలో ఉన్నది ఇరవై నాలుగు గంటల ముందు చెప్పాలన్న షరతు. ఇంటి నుంచి వచ్చే డబ్బుతో నెల గడిపే వాడికి ఫ్రాయిడ్ నియమం మరీ కఠినం. "మొదటిసారికి మాఫీ" అని ఒక్క ముక్క చేరిస్తే ఆ కాగితానికి మనిషి ముఖం వస్తుంది.

రాత్రి వాట్సాప్ మెసేజీలకు జవాబు ఎప్పుడిస్తారు, బంధువులను ఎందుకు చూడరు, పెళ్ళిపత్రిక ఇస్తే వస్తారా లాంటివి ఒక్కో వాక్యంతో సరిపోతాయి. కౌన్సెలర్ చదువు వివరం మాత్రం వదలకూడదు. పైన చెప్పిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గుర్తించే నిపుణుల్లో రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ)లో నమోదైన క్లినికల్ సైకాలజిస్టులున్నారు. సైకాలజీలో ఎమ్మే ఒక్కటే చేసి కౌన్సెలింగ్ చేసేవాళ్ళు ఆ నిర్వచనంలోకి రారు. వాళ్ళ దగ్గర క్లయింటు చేతిలో ఉండే రాతపూర్వకమైన హామీ ఈ కాగితమే.

ఇంత నేర్పుగా రాసిన కాగితమైనా ఇంగ్లీషులోనే ఉంటే సగం వృథా. భయంతో వచ్చిన మనిషికి పరాయి భాషలో మినహాయింపులు తలకెక్కవు. కాబట్టి సంతకం పెట్టే ముందు తెలుగు ప్రతి అడగండి. లేదంటే చదివి వినిపించమనండి. రిజిస్ట్రేషన్ నంబరు అడగడానికి మొహమాటపడకండి. సెషన్ల మధ్య, అర్ధరాత్రి, ఆపద వస్తే ఏ నంబరుకు చేయాలో అందులో ఉందో లేదో చూడండి. లేకపోతే మీరే రాసుకోండి: 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.