ఇంజనుకు గాలి ఎంత కావలెను?

హైదరాబాదు తూర్పు భాగమున మలక్‌పేటలోని మహబూబ్ మాన్షన్ మార్కెట్టుకు ఉల్లిగడ్డలు మహారాష్ట్ర నుండియు, కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతముల నుండియు పెద్ద లారీలలో వచ్చును. అక్కడినుండి సైదాబాదు, అంబర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ దుకాణములకు వాటిని చేర్చునవి చిన్న ట్రాలీ బండ్లు. అట్టి బండిని కొనదలచినవాడు ముందుగా వినునది ఒక తగవు. టర్బో ఉన్న ఇంజను మంచిదా, లేనిది మంచిదా? బండి అమ్మువారు, టర్బో ఉన్నచో లాగుడూ వచ్చును, మైలేజీ వచ్చును అందురు. షెడ్డులోని మేస్త్రీలు, టర్బో చెడినచో ఖర్చు తలకు మించును, లేనిదే నయము అందురు. బండిని అప్పు చేసి కొనువాడు నెలనెలా వాయిదా కట్టవలెను గదా, పొరపాటు ఎంపికకు నాలుగైదేండ్లు మూల్యము చెల్లించును. కావున ఈ రెండు మాటలలో శాస్త్రమెంత, అలవాటెంత అన్నది తేల్చుకొనదగిన విషయమే.

ముందు గాలి సంగతి. పాఠ్యపుస్తకములలోని నాలుగు స్ట్రోకుల ఇంజను బొమ్మలో గాలి ఒక బాణపు గుర్తు మాత్రమే. దానికి బరువున్నదనియు, ఇంజను శక్తికి హద్దు వేయునది ఆ బరువేననియు విద్యార్థికి తట్టదు. డీజిలు ఎంతైనను పోయవచ్చును. దానిని కాల్చుటకు తగిన గాలి లేకున్నచో వెలువడునది శక్తి కాదు, నల్లని పొగ.

2005లో వచ్చి ‘ఛోటా హాథీ’ అను పేరుతో వ్యాపించిన టాటా ఏస్ బండిని తీసికొని చిన్న లెక్క వేయవచ్చును. దాని మొదటి డీజిలు ఇంజను రెండు సిలిండర్లది, 702 ఘనపు సెంటీమీటర్లది. టర్బో లేదు. పిస్టను క్రిందికి దిగునప్పుడు ఏర్పడు వెలితిని బయటి వాతావరణ పీడనమే నింపవలెను. ఇట్టిదానిని సహజశ్వాస ఇంజను అనవచ్చును. అది నిమిషమునకు 3000 చుట్లు తిరుగునప్పుడు ప్రతి సిలిండరు 1500 మార్లు గాలి పీల్చును. అనగా మొత్తము సుమారు 1050 లీటర్లు. హైదరాబాదు సముద్రమట్టమునకు దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉన్నది, ఇచ్చట వాతావరణ పీడనము ఆరవ వంతు కాదు గాని నూటికి ఆరు పాళ్ళు తక్కువ. మే మాసపు 42 డిగ్రీల ఎండలో గాలి మరింత పలుచనగును. అప్పుడు ఘనపు మీటరు గాలి 1.05 కిలోగ్రాములు మాత్రమే తూగును. సముద్రతీరమున 15 డిగ్రీల వద్ద అది 1.22 కిలోగ్రాములు. సిలిండరు ఎన్నడును పూర్తిగా నిండదు గావున ఇంజనుకు నిమిషమునకు ముట్టునది ఇంచుమించు ఒక కిలోగ్రాము గాలి.

పొగ లేకుండ మండవలెనన్న ఒక భాగము డీజిలుకు ఇరువది భాగముల గాలి కావలెననుకొన్నచో, నిమిషమునకు 50 గ్రాముల డీజిలు కాలును. గ్రాముకు 43 కిలోజౌళ్ళ చొప్పున ఇది 2150 కిలోజౌళ్ళు, అనగా సెకనుకు సుమారు 36 కిలోజౌళ్ళు. ఇందులో మూడు పదోవంతులు పనిగా మారునన్నచో దాదాపు 11 కిలోవాట్లు, అశ్వశక్తిలో 14 లేక 15. కంపెనీవారు చెప్పినది 16. తరగతి గదిలో నల్లబల్లపై వేయగల లెక్క ఇంత దగ్గరగా వచ్చుట చూచినచో, ఇంజను శక్తి యనునది ముఖ్యముగా గాలి లెక్కయని తెలియును. మలక్‌పేట ఎండలో ఆ చిన్న బండి సముద్రతీరపు చలిగాలిలో కంటె ఏడవ వంతు తక్కువ ఊపిరితో పని చేయుచున్నది.

టర్బో ఈ లోటును పూడ్చును. ఇంజను పొగగొట్టము గుండ బయటికి పోవు వాయువులలో ఇంధనపు ఉష్ణములో మూడవ వంతువరకు వృథాయగును. ఆ వాయువులతో ఒక చిన్న చక్రమును త్రిప్పి, అదే ఇరుసుపైనున్న రెండవ చక్రముచే గాలిని నొక్కి సిలిండరులోనికి పంపుట దీని కిటుకు. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషీ 1905లో దీనికి పేటెంటు కోరినాడు. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ 14,000 అడుగుల ఎత్తుగల పైక్స్ శిఖరముపైకి విమానపు ఇంజనును చేర్చి, టర్బోతో అది సముద్రమట్టమున వలెనే పని చేయునని నిరూపించెను. 1938లో స్విస్ కంపెనీ సౌరర్ దీనిని లారీలకు తెచ్చెను. మలక్‌పేట మార్కెట్టులో నేడు తరచుగ కనుపించు మహీంద్రా బొలెరో పికప్ ఇంజను 2523 ఘనపు సెంటీమీటర్లది, టర్బోతో దాదాపు 75 అశ్వశక్తులు ఇచ్చును. లీటరుకు లెక్కించినచో ఏస్ 23, బొలెరో 30. ఈ తేడా అంతయు టర్బోదే కాదు, ఇంధనము చిమ్ము పద్ధతి కూడ మారినది. కాని పెద్ద భాగము దానిదే.

ఇక అమ్మువారి మాట. టర్బో వలన మైలేజి పెరుగుట నిజమే, కాని ఒక షరతుపై. అదే శక్తిని ఇచ్చు పెద్ద ఇంజనుకు బదులు చిన్న టర్బో ఇంజను పెట్టినప్పుడు రాపిడి తగ్గును, వృథా ఉష్ణములో కొంత తిరిగి వచ్చును. ఆరేడు వందల కిలోల ఉల్లిగడ్డలు వేసికొని, మలక్‌పేట నుండి దిల్‌సుఖ్‌నగర్ చేరులోపల పదిమార్లు ఆగువానికి ఈ షరతు నెరవేరదు. బొలెరో సొంత బరువే ఏస్ బరువునకు దాదాపు రెట్టింపు. ఆ బరువునంతటిని ప్రతి ఆగుడు తరువాత మరల కదల్చవలెను. పైగా పొగ వేగముగా పారనిదే టర్బో తిరుగదు. ట్రాఫిక్‌లో ప్రాకునప్పుడు ఆ యంత్రము నిద్రలో ఉండును. నిద్రించు యంత్రమునకు వాయిదాలు కట్టుటలో అర్థమేమి?

మేస్త్రీల మాటలో సగము అనుభవము, సగము అపవాదు. టర్బో ఇరుసు నిమిషమునకు లక్ష చుట్లకు పైగా తిరుగును. దానిని మోయునది పలుచని నూనె పొర మాత్రమే. నూనె మార్చుట ఆలస్యమైనను, గాలి జల్లెడ చిరిగి దుమ్ము పోయినను అది చెడును. దూరము లాగివచ్చిన వెంటనే తాళము త్రిప్పి ఇంజను ఆపినచో, వేడెక్కిన ఇరుసు దగ్గర నిలిచిన నూనె మాడి బొగ్గగును. ఒక నిమిషము ఖాళీగా తిరుగనిచ్చి ఆపువానికి ఈ బాధ చాలవరకు ఉండదు. కావున టర్బో త్వరగా చెడునన్న మాట యంత్రమును గూర్చినది కాదు, దానిని నడుపువానిని గూర్చినది. మేస్త్రీల దగ్గరకు వచ్చునవి చెడిన టర్బోలే గదా, చెడనివి వారికి కనుపించవు!

దూరము మారినచో తీర్పు మారును. కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టును 2021-22లో హయత్‌నగర్ దాటి విజయవాడ మార్గముననున్న బాటసింగారమునకు తరలించిరి. దిల్‌సుఖ్‌నగర్ పండ్ల వ్యాపారికి అంతకుముందు ప్రక్క వీథిలో దొరకిన సరుకు ఇప్పుడు జాతీయ రహదారిపై నుండి రావలెను. టన్నుకు మించిన మామిడికాయలతో ఎండలో నిలుకడగా సాగు ఆ ప్రయాణమున టర్బో నిద్రపోదు, తన ఖరీదును తానే సంపాదించుకొనును. చౌటుప్పల్, నకిరేకల్, సూర్యాపేటల వరకు పోవువానికి అది ఇంకను తగును.

2020 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన భారత్ స్టేజి-6 నియమములు ఈ తగవును మరియొక దారి పట్టించినవి. పొగ తగ్గింపవలెనన్న డీజిలుకు పుష్కలముగా గాలి కావలెను, కనుక కొత్త డీజిలు పికప్‌లలో టర్బో ఇంచుమించు తప్పనిసరియైనది. ఏస్, మారుతి సూపర్ క్యారీ వంటి చిన్న బండ్లలో పెట్రోలు, సి.ఎన్.జి. రకములు మాత్రము సహజశ్వాసముతోనే నడచుచున్నవి. నేడు కొనువాని ముందున్న అసలు ఎంపిక టర్బో డీజిలుకును, టర్బో లేని పెట్రోలు లేక సి.ఎన్.జి.కిని నడుమ. కొన్ని డీజిలు బండ్ల పొగగొట్టములలో మసిని పట్టు జల్లెడ ఉండును. పొగ బాగుగా వేడెక్కినప్పుడే ఆ మసి కాలిపోవును. రోజంతయు గల్లీలలో ఆగి ఆగి తిరుగు బండిలో అది పేరుకొనును. ఊరిలోపలి పనికి డీజిలు తగదనుటకు ఇది మరియొక కారణము.

అమ్మువారుగాని మేస్త్రీలుగాని చెప్పని సంగతి ఒకటి మిగిలియున్నది. టర్బో గాలిని పెంచును, బ్రేకులను పెంచదు. ఏస్ మీద అధిక బరువు వేసినచో అది ఎత్తు ఎక్కలేక రొప్పి యజమానిని హెచ్చరించును. బలమైన టర్బో ఇంజను అదే తప్పును గుట్టుగా దాచి, రెండు టన్నులనైనను లాగి చూపును. వేగము సమానమైనప్పుడు బండిని ఆపుటకు బ్రేకులు మ్రింగవలసిన శక్తి మొత్తము బరువును బట్టి పెరుగును. ఇరుసు, టైర్లు, పట్టీలు, బ్రేకులు ఎంత బరువుకు చేయబడినవో ఆర్.సి.లో వ్రాసియుండును, ఆ అంకెలో టర్బోకు ప్రమేయము లేదు. పాత బండి కొనునప్పుడు టర్బో గొట్టములో నూనె చెమ్మ ఉన్నదా అని చూచువారు కలరు. వెనుక పట్టీలకు అదనపు రేకులు వేయించినారా అని కూడ చూచినచో ఆ బండి ఇంతకాలము ఎంత మోసినదో తెలియును.