రేడియేటర్ మేస్త్రీ చేతి చలవ

తమిళనాడులో విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టి దాకా 44వ జాతీయ రహదారి నల్లరేగడి నేలల మీదుగా సాగుతుంది. ఎండాకాలం ఆ దారిన బరువుతో వెళ్లే లారీలు ఆగకుండా నడుస్తున్నాయంటే రేడియేటర్ మేస్త్రీల పుణ్యమే. వంగిన రేకులను దువ్వి నిలబెడతారు. పూడిన గొట్టాల్లో సన్నటి చువ్వ దూర్చి తుప్పు లాగుతారు. కారే చోట టంకం పోస్తారు. నాకు మరీ గొప్పగా తోచేది ఆఖరి పని: ఫ్యాను తొడుగు చుట్టూ సందు లేకుండా బిగించడం. గాలి సులువైన దారే చూసుకుంటుంది. సందు దొరికిందా, రేకుల్లోకి రాకుండా పక్కనుంచి జారిపోతుంది. రేడియేటర్ ఉన్న విమానాల్లోనూ గాలిని ఇలా దారిలో పెట్టడమే ముఖ్యం. రేడియేటర్ ముందు గాలిదారి వెడల్పయితే గాలి నెమ్మదించి ఒత్తిడి పెరుగుతుంది. వేడెక్కి వెనక నుంచి వెళ్లే గాలి విమానాన్ని కాస్త ముందుకూ తోస్తుందని 1935లో బ్రిటన్ ఇంజనీరు మెరెడిత్ చూపాడు. ఇప్పుడు లారీలకు అల్యూమినియం రేడియేటర్లొచ్చి టంకం పని తగ్గుతోంది. అయినా గాలిని దారిలో పెట్టే నేర్పు కోసం ఐటీఐ కుర్రాళ్లు ఈ మేస్త్రీల దగ్గర కొన్నాళ్లయినా పని నేర్చుకోవాలి.