గీత ఎక్కడ తెగుతోందో చూడండి

ల్యాప్‌టాప్‌ను టీవీకి తగిలించి వీడియో పెట్టగానే బొమ్మ అడ్డంగా తెగి, పై సగం ఒకవైపు, కింది సగం ఒకవైపు జరిగినట్టు కనిపిస్తే అందరూ ముందు అనుమానించేది కేబుల్‌నే. బంగారుపూత ఉన్న ఖరీదైన హెచ్‌డీఎంఐ తీగ కొనుక్కొస్తారు. తెగుడు మాత్రం అలాగే ఉంటుంది. ఈ విషయంలో కేబుల్ పక్షాన ఎంతసేపైనా వాదిస్తాను. తీగ పాడైతే తెర మీద చుక్కలు చిటపటలాడతాయి, బొమ్మ పోయి పోయి వస్తుంది, లేదంటే ‘నో సిగ్నల్’ అని పడుతుంది. బొమ్మను అడ్డంగా కోసి పక్కకు జరపడం తీగ వల్ల అయ్యే పని కాదు.

ఇది వేళ తప్పడం వల్ల వచ్చే జబ్బు. టీవీకి బొమ్మ ఒక్కసారిగా రాదు, పై వరుస నుంచి కింది వరుస దాకా గీసుకుంటూ పోవాలి. సెకనుకు 60 సార్లు గీసే టీవీకి ఒక్కో బొమ్మకు దొరికేది సుమారు 16.7 మిల్లీసెకన్లు. అది సగంలో ఉండగానే గ్రాఫిక్స్ కార్డు తర్వాతి ఫ్రేమును అందించేసిందంటే, పైన పాత ఫ్రేము, కింద కొత్త ఫ్రేము. కెమెరా కదలనంతసేపు ఎవరికీ తెలియదు. అది పక్కకు తిరిగిందా, ప్రతి స్తంభమూ ఆ అతుకు దగ్గర విరుగుతుంది. పాత పిక్చర్ ట్యూబు టీవీల్లో ఎలక్ట్రాన్ పుంజం కింది అంచుకు చేరాక మళ్లీ పైకి వెళ్లడానికి కాస్త విరామం ఉండేది. పుంజమే లేని నేటి టీవీలకు వెళ్లే సిగ్నల్‌లోనూ ఆ విరామం అలాగే ఉంది. ఫ్రేము మార్చాల్సింది సరిగ్గా అప్పుడు. ‘వీ-సింక్’ అనే సెట్టింగ్ కార్డును అప్పటిదాకా ఆపి ఉంచుతుంది.

అందుకే సెట్టింగుల జోలికి వెళ్లకముందు బొమ్మ తెగే గీతను చూడాలంటాను. ఏదైనా కిటికీని (విండోను) మౌస్‌తో పట్టుకుని తెర మీద అటూ ఇటూ ఊపండి, దాని నిలువు అంచు టీవీలో ఎక్కడ విరుగుతోందో గమనించండి. అక్కడ శుభ్రంగా ఉండి కంప్యూటర్ ఆటలో మాత్రమే తెగుతోందంటే, తప్పు ఆట సెట్టింగుల్లో ఉంది. అలాంటప్పుడు గీతలు ఎక్కడ పడితే అక్కడ మెరుస్తాయి. కిటికీ అంచే విరుగుతోందంటే జబ్బు ఇంకా కింద, బొమ్మను టీవీకి పంపే చోట ఉంది. ఇక గీత నెమ్మదిగా పాకుతోందా? దాదాపు సమానమే అయినా పూర్తిగా సమానం కాని రెండు వేగాలు ఎక్కడో కలిసి నడుస్తున్నాయని అర్థం.

ఆ మధ్య మా బావమరిది ఇంట్లో పెళ్లి వీడియో చూస్తున్నాం. కెమెరా పందిరి పొడవునా తిరుగుతుంటే గుంజకు కట్టిన అరటి బోదె మధ్యలో తెగి, పై ముక్క బెత్తెడు పక్కకు జరిగింది. ఆ అతుకు కింది నుంచి పైకి ఎక్కుతూ, పైన మాయమై, మళ్లీ కింద తేలుతోంది.

“కేబుల్ మార్చమన్నాడు బావా, షాపతను.”

“కేబుల్ ఉండనీ. ల్యాప్‌టాప్ మూత తీసే ఉంచావేం?”

తెర రెండుచోట్లా ఒకేలా వచ్చే ‘డూప్లికేట్’ పద్ధతిలో ఉంది. ల్యాప్‌టాప్ 60 దగ్గర, టీవీ 59.94 దగ్గర. ఈ ముక్కల లెక్క అమెరికాది. అక్కడ 1953లో రంగుల టీవీ ప్రమాణం ఖాయం చేసినప్పుడు, రంగు సంకేతం ధ్వనికి అడ్డుపడకుండా 60ని అంతమేర తగ్గించారు. కార్డు ఒక తెర వేళనే పాటిస్తుంటే రెండోది ప్రతి బొమ్మకూ వెంట్రుకవాసి వెనకబడుతుంది, అతుకు పదహారు పదిహేడు సెకన్లకోసారి కింది నుంచి పై దాకా పాకుతుంది. విండోస్ మీటతో పాటు ‘పి’ నొక్కి ‘సెకండ్ స్క్రీన్ ఓన్లీ’ ఎంచుకున్నాం. అరటి బోదె అతుక్కుంది.

తెగుడు పోయింది గానీ, నడక కుంటుతూనే ఉంది. ఇది వేరే జబ్బు, రెంటినీ కలిపి చూస్తే దేనికీ మందు దొరకదు. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్, 1982లో రంగుల్లోకి వచ్చిన దూరదర్శన్ కూడా 50 లెక్కే. ట్యూబులైట్ల కింద వెలుగు కొట్టుకోకుండా పెళ్లి వీడియోలు తీసేవాళ్లు 25 ఫ్రేములే వాడటం మామూలు. 25ను 60లోకి సర్దాలంటే కొన్ని ఫ్రేములు రెండుసార్లు, కొన్ని మూడుసార్లు చూపించాలి. అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి టీవీని 50కి మారిస్తే ప్రతి ఫ్రేమూ కచ్చితంగా రెండుసార్లు. పెళ్లికూతురు నడక తీరుగా వచ్చింది. టీవీలో ఉన్న ఈ 50ని వాడుకోకపోవడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

లినక్స్ వాడేవాళ్లు పాత ఎక్స్11 నుంచి వేలాండ్‌కి మారితే తెగుడు చాలావరకు తీరిపోతుంది. మారలేకపోతే ఇంటెల్, ఏఎండీ డ్రైవర్లలో ‘టేర్‌ఫ్రీ’ అనే సదుపాయం వెతకండి.

ఆటలాడే పిల్లలకు వీ-సింక్ అంత తేలిక మందు కాదు. మీట నొక్కినదానికీ తెర మీద కదిలినదానికీ మధ్య ఆలస్యం పెరుగుతుంది. కంప్యూటర్ 60 అందుకోలేకపోతే ఒక్కోసారి వేగం నేరుగా 30కి పడిపోతుంది. 2017లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.1లో దీనికి విరుగుడుంది. ఫ్రేము వచ్చేదాకా టీవీయే ఆగుతుంది, దాన్నే వీఆర్ఆర్ అంటారు. అయితే టీవీ వెనక పోర్టులన్నీ ఒకటి కావు. పక్కన 4కె, 120 అని రాసి ఉన్నదానికి తగిలించి, ఆ ఇన్‌పుట్‌కు గేమ్ మోడ్, వీఆర్ఆర్ రెండూ మెనూలో ఆన్ చేయాలి. చాలా టీవీల్లో ఇది 48 నుంచి 120 దాకా పనిచేస్తుంది. ఆట 48 కిందికి జారిపోతుంటే గీత మళ్లీ తేలే అవకాశం ఉంది కాబట్టి, నీడలూ ప్రతిబింబాలూ ఒక మెట్టు తగ్గించి వేగాన్ని ఆ పైన నిలబెట్టండి.